ఆపుకోలేని తిండి: ముందు బరువు సంగతి చూడాలా, మనసు సంగతా?

ఒళ్లు ఎక్కువగా ఉన్నవాళ్లు కనిపిస్తే చాలు, అందరి నోటా ఒకటే సలహా: కాస్త నోరు కట్టుకో. కానీ వీళ్లలో కొందరి బాధ వేరు. ఆకలి లేకపోయినా, ఎవరూ చూడకుండా, గబగబా, కడుపు నొప్పి పుట్టేదాకా తింటారు. మొదలుపెట్టాక ఆపుకోవడం వాళ్ల తరం కాదు. ఆ తర్వాత సిగ్గు, తన మీద తనకే అసహ్యం. దీన్నే బింజ్ ఈటింగ్ అంటారు. వారానికి ఒక్కసారైనా చొప్పున మూడు నెలలపాటు ఇలా జరుగుతుంటే అది జబ్బు కిందికే వస్తుంది. ఊబకాయం ఉన్నవాళ్లలో ఈ తీరును ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే సైకియాట్రిస్ట్ 1959లోనే వివరించాడు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జబ్బుల జాబితాలో దీనికి విడిగా చోటిచ్చింది మాత్రం 2013లో.

ఇలాంటివాళ్లు డైటింగ్‌తో మొదలుపెట్టాలా, మానసిక చికిత్సతోనా?

డైటింగ్ వైపు వాదన తేలిగ్గా అర్థమవుతుంది. బరువు తగ్గితే ఆత్మవిశ్వాసం పెరుగుతుంది, తిండి అదే దారిలో పడుతుంది అంటారు. పద్ధతిగా నడిపే బరువు తగ్గింపు కార్యక్రమాల్లో చాలామందికి బింజ్ కూడా కొంత తగ్గుతుంది, కాదనలేం. చిక్కల్లా కఠినమైన నియమాలతోనే. పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం అరకొరగా తిన్న మనిషి సాయంత్రం ఒక బిస్కెట్ తిన్నాడనుకోండి. మామూలు మనిషికి అది ఒక్క బిస్కెట్టే. ఇతనికి మాత్రం రోజంతా పట్టిన పట్టు పోయినట్టే. "ఎలాగూ చెడింది, ఇవాళ్టికి తినేద్దాం, రేపటి నుంచి గట్టిగా ఉందాం" అనిపిస్తుంది. ప్యాకెట్ ఖాళీ అవుతుంది. ఆ తప్పుచేశానన్న భావనతో రేపటి నియమం ఇంకా బిగుస్తుంది, రేపటి ఆకలీ పెరుగుతుంది. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఇదే బయటపడింది. ముందుగా మిల్క్‌షేక్ తాగించి తర్వాత ఐస్‌క్రీమ్ ఇస్తే, మామూలు వాళ్లు తక్కువ తిన్నారు. నోరు కట్టుకునే వాళ్లు, మిల్క్‌షేక్ తాగని తమలాంటివాళ్ల కంటే ఎక్కువ తిన్నారు. అయితే అందరి కథా డైటింగ్‌తో మొదలు కాదు. జీవితంలో ఒక్కసారి కూడా పథ్యం చేయకముందే బింజ్ మొదలైనవాళ్లూ చాలామందే ఉన్నారు.

మానసిక చికిత్సల్లో మొదటిది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే ఆలోచననూ అలవాటునూ కలిపి మార్చే పద్ధతి. పుస్తకం సాయంతో, మధ్యమధ్య చికిత్సకుడు దారి చూపుతుంటే ఎవరికి వారే చేసుకోగల రూపం కూడా దీనికి ఉంది. ఇందులో అసలు పని ఒక కాగితం మీద జరుగుతుంది. ఎన్ని గంటలకు తిన్నాను, ఏం తిన్నాను, ఎక్కడ, అదుపు తప్పిందా, అప్పుడు మనసులో ఏముంది: తిన్న వెంటనే రాయాలి, రాత్రికి గుర్తు చేసుకుని కాదు. కొన్నాళ్లకు ఆ కాగితాలే దారి చూపిస్తాయి. ఫలానా మనిషితో మాటపడ్డ రోజు, ఇంట్లో అందరూ పడుకున్నాక, భోజనం మానేసిన సాయంత్రం... ఇలా తిండికి ముందు ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఇక్కడ తిండి మాన్పించరు. వేళకు తినమంటారు. భోజనాల మధ్య నాలుగు గంటలకు మించి ఖాళీ వదలొద్దంటారు. బింజ్‌తో సతమతమయ్యే మనిషికి తినమని చెప్పడం వింతగా ఉంటుంది గానీ, నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

రెండోది ఐపీటీ (ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ), అంటే మనుషులతో ఉన్న సంబంధాల మీద పనిచేసే చికిత్స. ఇందులో తిండి ఊసు పెద్దగా రాదు. తీరని దుఃఖం, తెగని గొడవ, జీవితంలో వచ్చిపడ్డ పెద్ద మార్పు, ఒంటరితనం: వీటి మీదే మాటలు నడుస్తాయి. తనను తాను భరించలేని క్షణం నుంచి తప్పించుకోవడానికే కొందరు తింటారని హెదర్టన్, బామైస్టర్ అనే మనస్తత్వవేత్తలు 1991లో రాశారు. తింటున్న కాసేపూ వాళ్లకు నోటిలోని రుచి తప్ప ఇంకేమీ తెలియదు. అలాంటివాళ్లకు ఎంత మంచి డైట్ చార్ట్ ఇచ్చినా ఏం లాభం?

2010లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం బరువు తగ్గింపు కార్యక్రమం, స్వయంగా చేసుకునే సీబీటీ, ఐపీటీ ఈ మూడింటినీ 205 మంది మీద పోల్చింది. చికిత్స ముగిసేనాటికి బరువు ఎక్కువ తగ్గింది బరువు తగ్గింపు బృందానికే, కానీ ఆ తేడా నిలవలేదు. రెండేళ్ల తర్వాత చూస్తే, బింజ్‌ను ఆపడంలో ఐపీటీ, స్వయంగా చేసుకునే సీబీటీ ముందున్నాయి. తమ మీద తమకు విలువ బాగా తక్కువున్నవాళ్లకు ఐపీటీ ఎక్కువగా పనికొచ్చింది.

కాబట్టి నా మొగ్గు ముందు బింజ్‌ను అదుపు చేయడం వైపే. నియమం తప్పగానే అదుపు తప్పేవాళ్లు సీబీటీతో, మనుషుల మధ్య దెబ్బతిని తిండిలో తలదాచుకునేవాళ్లు ఐపీటీతో మొదలుపెట్టడం మేలు. ఒక మాట ముందే తెలిసి ఉండాలి. ఈ చికిత్సలతో బరువు పెద్దగా తగ్గదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2017 మార్గదర్శకాలు కూడా ఈ సంగతి రోగికి ముందే చెప్పమంటాయి. ఇది తెలియక, తూకం చూసుకుని నిరాశపడి, బింజ్ తగ్గుతున్నా చికిత్స మధ్యలో వదిలేస్తే ఎంత నష్టం! మందుల్లో లిస్‌డెక్సాంఫెటమైన్‌కు బింజ్ జబ్బుకు వాడేందుకు అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. అది అలవాటుపడే ప్రమాదమున్న మందు, డాక్టర్ చెప్పకుండా ముట్టకూడదు.

డాక్టర్ దగ్గర మాట బరువు, షుగర్, బీపీల మీదే నడిచిపోతే, తినేటప్పుడు అదుపు తప్పుతోందని మీరే నోరు తెరిచి చెప్పండి. తిన్నాక వాంతి చేసుకుంటున్నా, బతకాలని లేదనిపిస్తున్నా ఆ సంగతి అన్నిటికంటే ముందు చెప్పండి. అప్పుడు చూపించుకోవాల్సింది సైకియాట్రిస్ట్‌కే, అదీ వెంటనే.