ఇంట్లో డైకిరీ: ఏళ్లుగా కలుపుతున్నాక నా మాట

కాక్‌టెయిల్ అంటే రంగు, గొడుగు, పండ్లముక్కలు ఉండాలనుకునేవాళ్లకు డైకిరీ వెలితిగా అనిపిస్తుంది. ఇందులో తెల్ల రమ్, నిమ్మరసం, పంచదార పాకం తప్ప ఏమీ ఉండవు. కొన్నేళ్లుగా వారాంతాల్లో కలుపుకుంటున్నాను. రమ్ మీద డబ్బు తగలేసే ముందు నిమ్మకాయ, ఐస్ సంగతి చూసుకోండి.

నా కొలత: రమ్ 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 25, పాకం 20. తీగపాకం అక్కర్లేదు, సమంగా తీసుకున్న పంచదార, నీళ్లు వేడిచేసి కరిగిస్తే చాలు. చాలా రెసిపీలు పెద్దసైజు, గింజల్లేని పర్షియన్ నిమ్మను దృష్టిలో పెట్టుకుని నిమ్మరసం 30 అంటాయి. క్యూబాలో వాడే చిన్న నిమ్మ, మన వంటింటి నిమ్మ ఒకే జాతి. పులుపు, ఘాటు రెండూ ఎక్కువే కాబట్టి నేను 25 దగ్గరే ఆగుతాను. కాయను మరీ గట్టిగా పిండితే తొక్కలోని చేదు దిగుతుంది. సీసాలో దొరికే నిమ్మరసం మాత్రం వద్దు. ఒక బార్‌లో దాంతోనే కలిపిచ్చారు, సగం గ్లాసు వదిలేసి లేచాను.

షేకర్ నిండా ఐస్ వేసి 15 సెకన్లు గట్టిగా ఊపాలి. అప్పుడు కరిగే నీళ్లు కూడా రెసిపీలో భాగమే, అవి లేకపోతే గొంతు మండుతుంది. ఫ్రీజర్‌లో చేపల పక్కన పెట్టిన ఐస్ అయితే ఆ వాసన గ్లాసులోకీ వస్తుంది. ముందే చల్లబరిచిన గ్లాసులోకి టీ వడకట్టుతో వడకట్టాలి. స్టీలు షేకర్ మూత చలికి బిగుసుకుపోవడం ఒక్కటే చిరాకు.

డైకిరీ అనేది క్యూబాలో సాంతియాగో దగ్గరి ఊరు. 1898లో స్పెయిన్, అమెరికా యుద్ధం రోజుల్లో అక్కడి ఇనుప గనుల్లో పనిచేసిన అమెరికన్ ఇంజినీరు జెన్నింగ్స్ కాక్స్ దీన్ని కనిపెట్టాడంటారు. నాకది మింగుడుపడదు. చెరకు, నిమ్మ పండే ద్వీపంలో ఆ రెండిటినీ సారాతో కలపడానికి గని ఇంజినీరు రావాలా? డైకిరీ అన్న పేరు ఆయన పెట్టి ఉండొచ్చు. దీన్ని పైకి తెచ్చింది మాత్రం హవానాలోని ఫ్లోరిడితా బార్ నడిపిన కాన్‌స్తాంతీనో రిబలైగ్వా. ఆయన ఐస్‌ను మెత్తగా కొట్టి కలిపేవాడు. అక్కడే అమెరికన్ రచయిత హెమింగ్‌వే పంచదార లేకుండా, రమ్ రెట్టింపు వేయించుకుని తాగేవాడు. అదీ చేసి చూశాను, నా నాలుకకు పట్టలేదు.

ముదురు రంగు రమ్ ఓల్డ్ మాంక్‌తో చేస్తే? బాగానే ఉంటుంది, కానీ దాని వెనిలా వాసన నిమ్మను మింగేస్తుంది. ఇక్కడ దొరికే మామూలు తెల్ల రమ్మే దీనికి సరిపోతుంది.

నలుగురైదుగురు స్నేహితులు వస్తే మాత్రం డైకిరీ జోలికి వెళ్లను. నా షేకర్‌లో ఒకసారికి రెండు గ్లాసులే వస్తాయి, ముందే కలిపి ఫ్రిజ్‌లో పెడితే నిమ్మ తాజాదనం పోతుంది. ఆ రోజు రమ్, కోక్, ఒక నిమ్మచెక్కతో సరిపెడతాను.