సోనార్‌కు ఏఆర్ కళ్లజోడు: గట్టు మీద సరే, పడవలో వద్దు

ఏఆర్ కళ్లజోడు, అంటే ఎదుటి దృశ్యం మీదే తెర బొమ్మను చూపే అద్దాలు, పెట్టుకోగానే నీటి అడుగున చేపలు తిరగడం కనిపిస్తుందని ఎవరైనా ఆశ పెట్టుకుంటే, కొనకముందే దాన్ని వదులుకోవడం మంచిది. నా దగ్గరున్నది ఫోనుకు యూఎస్‌బీ-సీ తీగతో తగిలించే రకం. ఫోను తెర మీద ఉన్నదే కళ్లెదుట పెద్దగా నిలుస్తుంది, అంతే. ఆ తెర మీదికి బొమ్మ వచ్చేది సోనార్ నుంచి. అది నీటిలోకి ధ్వనిని పంపి, ప్రతిధ్వనితో చేపల జాడ పట్టి, వైఫై ద్వారా ఫోనులోని యాప్‌కు చూపే పరికరం. నీటి మీద చేప ఉన్న చోట గుర్తు పెట్టాలంటే సోనార్ ఎక్కడ తేలుతోందో కళ్లజోడుకు తెలియాలి. అది దానికి తెలియదు. పైగా నేను విసిరే బంతి సోనార్ ధ్వనిని శంకువు ఆకారంలో కిందికి పంపుతుంది. ఆ శంకువులో చేప ఎంత లోతున ఉందో చెప్పగలదు గాని, కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో చెప్పలేదు.

అయినా ఇంతకాలంగా వదలకుండా వాడుతున్నానంటే కారణం ఎండ. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు ఫోను తెరలో నా ముఖం తప్ప ఏమీ కనిపించేది కాదు. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే, ఫోను ఒక వైపు తిప్పేసరికి తెర నల్లబడేది. ఇప్పుడు రెండు చేతులూ గాలపు కర్ర మీదే ఉంటాయి, తెర ఎదురుగా ఉంటుంది. అద్దాల నలుపును పెంచుకునే, తగ్గించుకునే వీలుంది గాని అక్కడో పేచీ ఉంది. పెంచితే సోనార్ బొమ్మ స్పష్టంగా ఉంటుంది, నీటి మీద తేలే గాలపు బెండు కనిపించదు. తగ్గిస్తే బెండు కనిపిస్తుంది, బొమ్మ వెలిసిపోతుంది. నలుపు సగానికి ఉంచి, యాప్‌లో నల్ల నేపథ్యం ఎంచుకోవడం నాకు కుదిరిన మార్గం. ఈ అద్దాల్లో నలుపు అంటే వెలుతురు లేకపోవడమే కాబట్టి ఆ భాగం గుండా నీరు కనిపిస్తుంది. తెల్ల నేపథ్యం పెడితే కళ్ల ముందు గోడ కట్టినట్టే.

బొమ్మ పెద్దదైతే చదవడం నిజంగా మారుతుంది. తెర కుడి అంచే ఇప్పటి క్షణం, ఎడమకు జరిగినదంతా గతం. శంకువును దాటిపోయే చేప అంచుల్లో దూరంగా, మధ్యలో దగ్గరగా ఉంటుంది కనుక విల్లులా పడుతుంది. కదలకుండా నిలిచిన చేప పొడవాటి గీత అవుతుంది. ఫోనులో అడుగు మట్టితో కలిసిపోయే సన్నని గీతలను ఇక్కడ విడదీసి చూడగలుగుతున్నాను. బంతికి సరిగ్గా కిందుగా వేస్తే, ఎరతో పాటు సీసం గుండు దిగడం కూడా ఏటవాలు గీతగా కనిపిస్తుంది.

బొమ్మ ఆలస్యంగా వస్తే తప్పు నీటిది కాదు. నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. 10 మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి సుమారు 13 మిల్లీసెకన్లు చాలు. చిక్కంతా వైఫైతోనే. ఆ తరంగాలు నీటిలో నిలవవు కాబట్టి బంతి అల కింద మునిగినా, తుంగ చాటుకు పోయినా బొమ్మ ఆగుతుంది. సోనార్ వైఫైలో ఇంటర్నెట్ లేదని ఫోను తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోతుంటుంది. డేటా ముందే ఆపేయాలి.

ఛార్జింగ్ సంగతి విసుగు పుట్టిస్తుంది. కళ్లజోడుకు సొంత బ్యాటరీ లేదు, ఫోనునే పీల్చుకుంటుంది. ఫోనుకు ఉన్న ఒక్క రంధ్రమూ దానికే పోతుంది కనుక ఛార్జింగ్ దారి కూడా ఉన్న అడాప్టర్ తప్పనిసరి. ఫోనును నీడలో పెట్టకపోతే వేడెక్కి మొరాయిస్తుంది. తీగను చెవి వెనక నుంచి చొక్కా లోపలికి దింపకపోతే గాలం విసిరిన ప్రతిసారీ చేతికి తగులుతుంది. చినుకు పడితే తీసేయాల్సిందే, నీటిని తట్టుకునే రకం కాదు. బరువు మామూలు చలువ కళ్లద్దాలకు రెండింతలకు పైనే, ముక్కు మీద అచ్చు పడుతుంది.

పడవలో మాత్రం నేను వాడను. తెర తలతో పాటు కదిలేలా పెడితే కాసేపటికే కడుపులో తిప్పుతుంది. ఒక దిక్కున నిలిచి ఉండేలా పెడితే, తిరిగింది నా తలో పడవో దానికి తేడా తెలియదు. పడవ ముక్కు మళ్లినప్పుడల్లా తెర పక్కకు జారిపోతుంది. పడవ వాళ్లకు ఎండలోనూ కనిపించే పెద్ద తెర బిగించుకోవడమే నయం.

యాప్ తయారుచేసేవాళ్లు లోతు అంకెనూ కుడి అంచు పట్టీనీ మాత్రమే మూలన చూపే ఏర్పాటు ఇస్తే, సగం నలుపుతో సర్దుకునే ఈ అవస్థ నాకు తప్పుతుంది. ప్రస్తుతానికి మొత్తం తెరనే కుదించి ఎడమ పై మూలకు నెట్టుకుంటున్నాను. అప్పుడు అక్షరాలు మరీ చిన్నవైపోతున్నాయి.