గోలీనా, సూదా? జ్వరానికి ఏది మేలు

వానాకాలం జ్వరాలు మొదలైతే దేవరకొండలో మా మెడికల్ షాపు ముందు ఒకటే ప్రశ్న: “సారూ, గోలీతోని ఏం తగ్గుతది, సూది ఏయించుకుంటే అయిపోతది గదా?” పత్తి ఏరే రోజులు వచ్చేసరికి ఈ మాట ఇంకా ఎక్కువ వినిపిస్తుంది. కూలి పోతుందన్న టెన్షన్ వాళ్లది, దాన్ని తప్పు పట్టలేం.

సూదిమందు సీదా రక్తంలోకి పోతుందని చాలామంది నమ్మకం. నరానికి ఇస్తే నిజమే. కండకు ఇచ్చే మందు మాత్రం ముందు కండలోనే నిలిచి, అక్కడి సన్నటి రక్తనాళాల్లోకి మెల్లగా చేరాలి. పిర్ర కంటే భుజంలో రక్తం బాగా ఆడుతుంది కాబట్టి అక్కడ కొంచెం తొందర. గోలీది చుట్టుదారి. కడుపులో కరిగి, చిన్న పేగులోకి దిగి, అక్కడ రక్తంలో కలిసి, కాలేయం దాటాకే ఒంటికి అందుతుంది. కాలేయం తన సుంకం తాను తీసుకుంటుంది. కొన్ని మందులకు అది భారీగానే పడుతుంది కానీ పారాసిటమాల్‌కు పెద్దగా కాదు. మింగినదాంట్లో 70 నుంచి 90 శాతం దాకా రక్తానికి చేరుతుంది, అరగంట నుంచి గంటలోపు పని మొదలవుతుంది.

ఇప్పుడు ఆంప్యూల్, అంటే సూదిమందు ఉండే చిన్న గాజు సీసా, మీది చిన్న అక్షరాలు చదవండి. కండకు వేసే పారాసిటమాల్ మామూలుగా మిల్లీలీటరుకు 150 మిల్లీగ్రాములు, ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లు. మొత్తం ఎక్కించినా 300. గోలీయే కదా అని తీసిపారేసేదాంట్లో 500 గానీ 650 గానీ ఉంటుంది. నొప్పి భరించి, పైసలిచ్చి, తక్కువ మందు తీసుకుంటున్నారన్నమాట. ఆస్పత్రిలో నరానికి ఎక్కించే సీసా సంగతి వేరు.

మరి సూది పడ్డ గంటకే లేచి కూర్చున్నాడే అంటారు. ఆ సిరంజిలో చాలాసార్లు డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు ఉంటుంది, ఒక్కోసారి స్టెరాయిడ్ కూడా కలుస్తుంది. ఒళ్లు తేలికైనట్టు అనిపిస్తుంది, జ్వరం తెచ్చిన రోగం మాత్రం ఎక్కడిదక్కడే.

నా లెక్కలో అసలు విషయం డెంగీ. ఈ కాలంలో వచ్చిన జ్వరం డెంగీయో కాదో మొదటి రెండు రోజులు చూసి చెప్పడం కష్టం. డెంగీలో రక్తం కారకుండా ఆపే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు కండలో సూది గుచ్చితే లోపలే రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు. డైక్లోఫెనాక్ అయితే రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. పైగా సూదిలో పోయిన మందును వెనక్కి తీయలేం. పిర్రలో తప్పు చోట పడితే తుంటినరం దెబ్బతిని పాదం పైకి లేవకుండా పోయే ప్రమాదమూ ఉంది. అందుకే మింగగలిగి, మింగింది నిలుస్తున్నంత వరకు నా ఓటు పారాసిటమాల్ గోలీకే.

గోలీ పని చేయలేదని వచ్చేవాళ్లను ఎట్లా వేసుకున్నారో అడుగుతుంటాను. గుక్కెడు చాయ్‌తో మింగి, వెంటనే పడుకున్నామంటారు. నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని మింగాలి. నీళ్లు చాలకపోతే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ గోలీలు గొంతు కింద అతుక్కుని పుండు చేస్తాయి. కడుపు నిండా తిన్నాక వేసుకుంటే పారాసిటమాల్ పేగులోకి దిగడం ఆలస్యమవుతుంది, అంతే తప్ప వృథా కాదు.

సూది తప్పనివి ఉన్నాయి. ఇన్సులిన్ మింగితే మాంసకృత్తుల లాగే కడుపులో అరిగిపోతుంది. జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను పేగు లోపలికి తీసుకోదు. కుక్క కరిస్తే టీకా, చేన్లో పాము కరిస్తే నరానికి ఎక్కించే విరుగుడు, వీటికి గోలీ లేదు. వాంతులు ఆగకపోయినా, మనిషి మత్తుగా ఉన్నా ఆలోచించకుండా దవాఖానకు పోవాలి.

గ్లూకోజు సీసా సంగతి అడుగుతారు కాబట్టి: 5 శాతం సీసా అర లీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర. తాగగలిగితే ఓఆర్‌ఎస్ చాలు.

ఇవన్నీ తెలిసీ సూదే కావాలంటే, ఏ మందు వేశారో, ఎంత వేశారో చీటీ మీద రాయించుకోండి. రెండో రోజు జ్వరం తగ్గక నల్గొండ పెద్దాసుపత్రికి పోతే అక్కడి డాక్టరు ముందు అడిగేది అదే.