చేంబర్స్ డిక్షనరీ: చర్చ్ స్ట్రీట్‌లో కొన్న పాత కాపీ

మొదట ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర పాత కాపీ తెప్పించాను. సరిగ్గా ‘ఎఫ్’ అక్షరం దగ్గరే పేజీలు ఊడిపోయి వచ్చాయి, వాపసు ఇవ్వడానికి రెండు వారాలు తిప్పలు పడ్డాను. అందుకే పాతది కొనేవాళ్లు చేత్తో తిరగేసి చూసి కొనండి. నేనైతే బెంగళూరులో ఎంజీ రోడ్ మెట్రోలో దిగి, చర్చ్ స్ట్రీట్‌లో ఒక సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపులో 450కి తీసుకున్నాను. అట్ట మూలలు నలిగాయి, లోపల మాత్రం ఒక్క గీత కూడా లేదు.

వందేళ్లకు పైబడిన ఇంగ్లీషు డిక్షనరీ ఇది. రోజువారీ ఇంగ్లీషుకి ఫోనే చాలు. దీన్ని కొనాల్సింది పాత మాటల కోసం. నేను వెతుక్కున్న మాట ‘ఫర్‌స్వంక్’. పని చేసి చేసి ఒంట్లో సత్తువంతా అయిపోవడం అన్నమాట. ‘స్వింక్’ అంటే చెమటోడ్చి పనిచేయడం, పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ కాలంలో మామూలుగా వాడిన మాటే. ముందున్న ‘ఫర్’ మనం రోజూ వాడే ఫర్ కాదు, ‘పూర్తిగా, హద్దు మీరి’ అని చెప్పే పాత ఉపసర్గ, ‘ఫర్‌లార్న్’లో ఇప్పటికీ బతికే ఉంది. 1579లో వచ్చిన, ఇంగ్లీషు కవి స్పెన్సర్ రాసిన ‘షెపర్డ్స్ క్యాలెండర్’లో ఏప్రిల్ నెల పద్యంలో గొర్రెల కాపరి తాను ఫర్‌స్వంక్, ఫర్‌స్వాట్ అయ్యానంటాడు. రెండోదానికి చెమటతో తడిసి ముద్దవడం అని అర్థం.

తెలుగులో ఏమనాలో నాకు తట్టలేదు. అలసట అంటే చప్పగా ఉంది, బడలిక అంటే ప్రయాణం గుర్తొస్తుంది, నీరసం ఉపవాసం ఉన్నా వస్తుంది. అనంతపురం నుంచి వచ్చిన అమ్మకి వివరంగా చెప్పాను. “చెనక్కాయ చెట్లు పీకి పొద్దుగూకి ఇంటికొస్తే ఒళ్ళు హూనమైపోయేది, అదే కదా నాయనా” అంది. అంటూ కుడిచెయ్యి చాపింది, చూపుడువేలు పక్కన ఆ పాత పగుళ్లు ఇంకా ఉన్నాయి. హూనం దెబ్బలు తిన్నా అవుతుంది, అయినా ఇంతకన్నా దగ్గరి మాట నాకైతే దొరకదు.

ఫర్‌స్వంక్ అనే మాటని మెయిల్స్‌లో, పరీక్షల్లో వాడకండి, ఎదుటివాళ్లకి అర్థం కాదు. పాత కవిత్వం చదివేవాళ్లకి, అనువాదం చేసేవాళ్లకి మాత్రం ఈ పుస్తకం ఇంట్లో ఉండాల్సిందే. ఉదాహరణ వాక్యాల కోసం వేరేచోట చూసుకోవాలి, అక్షరాలు సన్నవి కాబట్టి పగటి వెలుతురులో చదవండి. నేను వెళ్లిన రోజు కింది అరలో ఇంకో రెండు కాపీలు ఉన్నాయి.