ఎద్దు మీద 8 సెకన్లా, గాల్లో 27 నిమిషాలా?

రెండూ పాత అమెరికన్ డాక్యుమెంటరీలే. ఒక్కటే చూసే తీరికుంటే ఏది? 1973 నాటి ‘ది గ్రేట్ అమెరికన్ కౌబాయ్’ రోడియో మీద, అంటే కౌబాయ్‌లు ఎగిరిపడే ఎద్దులూ గుర్రాలూ ఎక్కి ఆడే పోటీల మీద తీసింది. 1976 నాటి ‘టు ఫ్లై!’ విమానయానం మీద, విన్యాసాలతో సహా.

నిడివి: రోడియోది దాదాపు గంటన్నర. విమానాలది 27 నిమిషాలే.

తెర: ‘టు ఫ్లై!’ వాషింగ్టన్ విమాన మ్యూజియంలోని ఐమాక్స్ కోసం తీశారు. ఫోన్‌లో చూస్తే సగం పోయినట్టే. రోడియోకి మామూలు టీవీ చాలు.

ప్రమాదం: అమెరికా నేవీ విన్యాసాల దళం బ్లూ ఏంజెల్స్ జెట్లది ముందే లెక్కగట్టుకున్న సాహసం. ఎద్దు ఎటు దూకుతుందో మాత్రం ఎవరికీ తెలీదు. ఒంటిచేత్తో పట్టుకుని దాని మీద 8 సెకన్లు నిలవాలి. వరసగా ఐదుసార్లు ఛాంపియనైన లారీ మహాన్‌, ఆ తర్వాత కిరీటం ఎగరేసుకుపోయిన కుర్రాడు ఫిల్ లైన్‌! వీళ్ల పోటీయే సినిమాకి ప్రాణం. ఆస్కార్ ఊరికే రాలేదు.

పిల్లలు వెంట ఉండి, పెద్ద తెర దొరికితే విమానాలు. మనుషుల పంతాలూ పట్టుదలలూ చూడాలంటే రోడియో. నా ఓటు దానికే.