300 వాట్ల ఛార్జరు, దానికి తగిన పవర్ సప్లై: నాలుగేళ్ళ వాడకం తర్వాత

రేడియో కంట్రోలు విమానాల లిథియం పాలిమర్ బ్యాటరీ ప్యాకుల కోసం ఈ ఛార్జరు కొని నాలుగేళ్ళు దాటింది. పెట్టె మీద 300 వాట్లు, 15 ఆంపియర్లు, ఆరు సెల్లుల దాకా అని రాసి ఉంది. అబద్ధమేమీ కాదు. కానీ మొదటి ఏడాది ఆ 300లో అయిదో వంతు కూడా నాకు దక్కలేదు. ఇంటి కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చి ఛార్జరుకు అందించేందుకు దాని వెనక నేను తగిలించిన పవర్ సప్లై అలాంటిది.

ఎల్ఈడీ దీపాల కోసం తెచ్చిన 12 వోల్టుల, 5 ఆంపియర్ల సప్లై ఒకటి ఖాళీగా ఉంటే దానినే వాడాను. నాలుగు సెల్లుల 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, అంటే ప్యాకు పట్టే ఛార్జి) ప్యాకును 3.3 ఆంపియర్లతో ఛార్జింగ్‌కు పెడితే మొదట చక్కగా సాగేది. గంట దాటి, సెల్లులు 4.1 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి హఠాత్తుగా తెర ఆరిపోయేది. ఫ్యాను ఆగిపోయేది. రెండు క్షణాల్లో కీచుమంటూ ఛార్జరు మళ్ళీ మొదటి తెరకు వచ్చి నిలబడేది, ప్యాకు మాత్రం పూర్తిగా నిండకుండానే ఉండిపోయేది. ఛార్జరే పాడైందనుకుని తిరిగి పంపించే ఆలోచన కూడా చేశాను.

ఒక సాయంత్రం మల్టీమీటరు పట్టుకుని పక్కనే కూర్చుంటే సంగతి అర్థమైంది. ఛార్జింగ్ మొదటి దశలో కరెంటు మారదు, ప్యాకు వోల్టేజి మాత్రం పెరుగుతూ పోతుంది. దానితో పాటే వాట్లూ పెరుగుతాయి. 14.8 వోల్టుల దగ్గర 49 వాట్లు తీసుకునే ప్యాకు 16.8 వోల్టులకు చేరేసరికి 55 వాట్లు అడుగుతుంది. ఛార్జరులో వేడిగా పోయేది కూడా కలిపితే సప్లై మీద పడే భారం 60 దాటుతుంది. దాని శక్తే 60 వాట్లు! భారం మించగానే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగి, మళ్ళీ మొదలయ్యేది. అందుకే సప్లై ఎంచుకునేటప్పుడు ప్యాకు మీద రాసిన వోల్టేజితో లెక్క వేయకూడదు. సెల్లుకు 4.2 వోల్టుల చొప్పున నిండు వోల్టేజి తీసుకుని, ఛార్జింగ్ కరెంటుతో గుణించి, దానికి కనీసం నాలుగో వంతు కలుపుకోవాలి.

ఆరు సెల్లుల ప్యాకులకు మారాక రెండో పాఠం నేర్చుకున్నాను. ఈసారి 12 వోల్టులదే, పెద్ద సప్లై కొన్నాను. అయినా 160 వాట్లు దాటలేదు. ఛార్జరు లోపలికి 15 ఆంపియర్లకు మించి తీసుకోదు. 12 వోల్టుల దగ్గర అది 180 వాట్లే, అందులో కొంత వేడిగా పోతుంది. ఈ వివరం ఛార్జరు మాన్యువల్ చివరి పుటలో చిన్న పట్టికగా ఉంది. దానిని పెట్టె మీదే వేసి ఉండవలసింది, నాకు ఇప్పటికీ ఆ కోపం ఉంది. చివరికి 24 వోల్టుల, 400 వాట్ల సప్లై తెచ్చాక ఛార్జరు తన పూర్తి బలం చూపించింది. 5000 ఎంఏహెచ్ ప్యాకుకు 5 ఆంపియర్లు పెడితే, 12 వోల్టుల దగ్గర లోపలికి 12 ఆంపియర్లు పోయే చోట ఇప్పుడు ఆరు చాలు. తీగలు వేడెక్కడం లేదు, ఫ్యాను కూడా అరుదుగా తిరుగుతోంది. ఒకే రకం ప్యాకులు రెండింటిని సమాంతరంగా కలిపి 10 ఆంపియర్లతో నింపుతున్నాను. కలిపే ముందు రెండింటి సెల్లుల వోల్టేజిలో తేడా 0.1 కంటే తక్కువ ఉందని చూసుకోకుండా మాత్రం ఎన్నడూ కలపను. తేడా ఉంటే నిండుగా ఉన్న ప్యాకు నుంచి ఖాళీ ప్యాకులోకి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది.

తీగల గురించి కూడా చెప్పాలి. ఛార్జరుతో వచ్చిన మొసలి క్లిప్పులను మొదట్లో అలాగే వాడాను. సప్లై దగ్గర 12.1 వోల్టులు ఉంటే ఛార్జరు దగ్గర 11.2 చూపించింది. వాటిని కోసేసి, లావు సిలికాన్ తీగకు ఎక్స్‌టీ60 కనెక్టరు టంకం వేసుకున్నాక తేడా దాదాపు మాయమైంది. సప్లై ఆన్‌లో ఉండగా ఛార్జరు తగిలిస్తే చిటుక్కుమని నిప్పురవ్వ వస్తుంది. ఏడాది అలా చేసేసరికి కనెక్టరు పిన్ను కొస నల్లబడి, గరుకుగా తయారైంది. ఇప్పుడు ముందు తగిలించి, ఆ తర్వాతే సప్లై స్విచ్చి వేస్తున్నాను. ఛార్జరు సెట్టింగుల్లో ఇన్‌పుట్ పరిమితిని 360 వాట్లకు, కనీస వోల్టేజిని 22కు పెట్టాను. సప్లై కుంగిపోయే దాకా రాకముందే ఛార్జరు తనంతట తానే తగ్గుతుంది.

పాత సర్వర్ కంప్యూటర్ల పవర్ సప్లైలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు తెచ్చుకోమని కొందరు సలహా ఇస్తారు. నేను ఆ దారి పట్టలేదు. వాటిలో చాలావాటి మైనస్ తీగ పెట్టె లోహానికీ, ఎర్తుకూ కలిసి ఉంటుంది. రెండో దాన్ని విడదీయకుండా వరుసగా కలిపితే నేరుగా షార్టే.

నాలుగేళ్ళ తర్వాత కూడా సెల్లు వోల్టేజి చూపించడంలో ఈ ఛార్జరుకూ నా మల్టీమీటరుకూ 0.01 వోల్టుకు మించి తేడా లేదు. నాకు దీని మీద నమ్మకం కుదిరింది అందుకే. లోపమల్లా డిశ్చార్జి దగ్గరే. ఎగరేయడం కుదరని రోజున నిండు ప్యాకును సెల్లుకు 3.8 వోల్టుల నిల్వ స్థాయికి దించాలంటే ఇది 15 వాట్లే ఖర్చు చేయగలదు. ఆరు సెల్లుల 5000 ఎంఏహెచ్ ప్యాకు ఒక్కదానికే నాలుగు గంటలు పైగా పడుతుంది. అందుకని ముందు రోజు రాత్రి నింపడం మానేశాను. పొద్దున లేచి ఆకాశం చూసి, గాలి లేదని తేల్చుకున్నాకే సప్లై స్విచ్చి వేస్తున్నాను.