మొహేర్ స్కిన్స్: కొన్ని చలికాలాలు వాడాక

స్కీలతో మంచు కొండ ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున జిగురుతో అంటించుకునే వెంట్రుకల పట్టీలే స్కిన్స్. నైలాన్‌వి వదిలి పూర్తి మొహేర్‌కి మారి కొన్ని చలికాలాలయింది. మారింది ఒక్క గ్లైడ్ కోసమే, అంటే మంచు మీద ముందుకి సాఫీగా జారడం కోసమే, అందులో ఇవి నన్ను నిరాశపరచలేదు. మొహేర్, అంటే అంగోరా మేక వెంట్రుక, మంచు మీద ఎంత తేలిగ్గా సాగుతుందంటే, స్కీని ఎత్తి వేసే పనే ఉండదు, ముందుకి తోస్తే చాలు. లోయ వెంట పొడుగాటి నడకల్లో సాయంత్రానికి ఆ తేడా తొడలకి తెలుస్తుంది. రాళ్లు తేలిన చోట స్కీలు వీపుకి కట్టుకుని నడిచేటప్పుడు ఇవి మడతపెట్టి జాకెట్ లోపల పెట్టేసుకుంటాను. వెచ్చగా ఉంటే జిగురు కూడా బాగా పనిచేస్తుంది.

ఒక వసంతకాలపు మధ్యాహ్నం మాత్రం మర్చిపోలేను. ఎండ వాలులో తడి మంచు మీద ఎక్కుతుంటే స్కిన్స్ బాగా నీళ్లు పీల్చుకున్నాయి. గట్టు తిరిగి నీడలోకి వెళ్లామో లేదో, అక్కడంతా చలి, పొడి మంచు. పీల్చిన నీరు గడ్డకట్టింది, దానికి పొడి మంచు అంటుకుంది, చూస్తుండగానే స్కీల కింద దిమ్మలు కట్టాయి. స్టిక్‌తో కొట్టి రాలిస్తే నాలుగడుగుల్లో మళ్లీ అంతే. ఇక లాభం లేదని విప్పి, వెంట్రుక వైపు స్కీ ఇనుప అంచు మీద గట్టిగా ఒరిపిడి పెట్టి లాగితే మంచుముద్దలతో పాటు నీళ్లు కారాయి. ఆపైన మైనం రుద్దాను. ఈలోగా గాలికి లేచిన మంచు పొడి జిగురు నిండా పడింది. స్కీ వెనక కొన వైపు ఎంత నొక్కినా అతుక్కోలేదు. స్కీ స్ట్రాప్‌తో బిగించి కట్టుకుని మిగతా ఎత్తు ఎక్కాను. అప్పటినుంచి వసంతంలో బయల్దేరే ముందే, స్కిన్స్ పొడిగా ఉండగానే, మైనం రాస్తున్నాను. దిమ్మలు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు.

పట్టు సంగతీ చెప్పాలి. మొదటి చలికాలంలో మెత్తటి మంచులో దీని పట్టుకి లోటే కనిపించలేదు. పదిమంది తొక్కి గట్టిపడిన నిటారు బాట మీద మాత్రం నైలాన్ పట్టినంతగా ఇది పట్టదు. ఒక్కో కాలూ ఎత్తి స్కీ తిప్పి దిశ మార్చుకునే కిక్ టర్న్ మధ్యలో, ఒంటికాలి మీద బరువున్నప్పుడు స్కీ వెనక్కి జారితే వచ్చే టెన్షన్ మామూలుది కాదు. అరుగుదల కూడా నైలాన్ కంటే ఎక్కువే. బూటు కింద వెంట్రుక ఇప్పటికే పలచబడింది.

నేను తేలికపాటి మనిషిని. ఎక్కువగా నడి చలికాలంలో, దూరం ఎక్కువా ఏటవాలు తక్కువా ఉన్న దారుల్లో తిరుగుతాను. అందుకే నాకు ఇవి సరిపోయాయి. వసంతంలో ఎక్కువ తిరిగేవాళ్లకీ, బరువైన సామానుతో నిటారుగా ఎక్కేవాళ్లకీ వీటిని ధైర్యంగా చెప్పలేను. నేను కూడా ఈ జత అరిగాక 70 శాతం మొహేర్, 30 శాతం నైలాన్ కలిపినవి ప్రయత్నిద్దామనుకుంటున్నాను, అయితే ఈ గ్లైడ్ వదులుకోవడానికి ఇంకా మనసు రావడం లేదు.